మూడు నిమిషాల పని

మణికట్టు విరిగి, కట్టు విప్పాక ఫిజియోథెరపీకి వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఉండేది బిగుతు. కీలు పట్టేసి ఉంటుంది, కదిలిస్తే నొప్పి, కొన్నాళ్ళు వ్యాయామం చేయిస్తే వదులవుతుంది. పామర్రు సెంటర్లో నా గదికి రోజూ వచ్చేది అలాంటివాళ్ళే. మొవ్వ నుంచీ పెదపారుపూడి నుంచీ కొండిపర్రు నుంచీ వస్తారు. బోదె గట్టు మీద కాలు జారినవాళ్ళు, బాత్రూంలో పడ్డవాళ్ళు, బండి వెనక పక్కకి కూర్చుని స్పీడు బ్రేకరు దగ్గర ఎగిరిపడ్డవాళ్ళు. అప్పుడప్పుడూ మాత్రం వేరే రకం చెయ్యి వస్తుంది. గుమ్మంలో ఉండగానే తెలిసిపోతుంది. ఆ మనిషి చేతిని పొట్టకి దగ్గరగా పెట్టుకుని, ఎవరికీ తగలకుండా రెండో చేత్తో కాపు కాస్తూ వస్తుంది. కూర్చోకముందే ఫ్యాను ఆపమంటుంది.

గాలి తగిలినా మంటేనండీ అంటుంది. పైట చెంగు రాసుకున్నా, చన్నీళ్ళ చుక్క పడినా మంటే. “కారం పూసినట్టు ఉందమ్మా” అనేవాళ్ళు ఎక్కువ. చెయ్యి నున్నగా మెరుస్తూ వాచి ఉంటుంది. పొద్దున ఎర్రగా ఉన్నది సాయంత్రానికి నీలం తిరుగుతుంది. రెండు చేతుల్నీ నా వేళ్ళ వెనకవైపుతో తాకి చూస్తే ఒకటి వేడి, ఒకటి చల్లన. ఆ ఒక్క అరచేతికే చెమట. గోళ్ళూ వెంట్రుకలూ కూడా ఆ చేతికి తేడాగా పెరుగుతాయి. ఎక్స్‌రేలో చూస్తే ఎముక శుభ్రంగా అతుక్కునే ఉంటుంది.

దీన్ని కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ అంటారు. డాక్టర్ల చీటీల మీద సిఆర్‌పిఎస్ అని ఉంటుంది, పాతకాలం డాక్టరుగారైతే ఆర్‌ఎస్‌డి అని రాస్తారు. గాయం మానిపోయినా, ఇంకా మానలేదన్నట్టు నరాలు మెదడుకి కబురు పంపుతూనే ఉంటాయి. ఆ చేతికి రక్తం, చెమట సరఫరా చూసే నరాల అదుపు తప్పుతుంది. నొప్పికి భయపడి చెయ్యి కదపడం మానేస్తే మెదడులో ఆ చేతి ఆనవాలే మసకబారుతుంది. కళ్ళు మూసుకుంటే నా వేలు ఎక్కడుందో నాకు తెలియట్లేదు అని చెప్పినవాళ్ళున్నారు. చాలామందిలో ఫలానా నరం దెబ్బతిన్నదని చూపించడానికి ఏ పరీక్షా దొరకదు. నరాల పరీక్ష నార్మల్, రక్తం నార్మల్. ఇంట్లోవాళ్ళకి ఆ ‘నార్మల్’ ఒక్క మాటే చెవిన పడుతుంది.

ఇది మగవాళ్ళకి రాదని కాదు. నెదర్లాండ్స్‌లో 2007లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో ఏటా లక్ష మందికి సుమారు 26 మందిలో ఇది కనపడింది, ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే మూడు రెట్లకి పైగా. అరవై దాటినవాళ్ళలో ఎక్కువ, కాళ్ళకంటే చేతుల్లో ఎక్కువ, ఎముక విరిగాక రావడం ఎక్కువ. ముట్లుడిగాక ఎముకలు గుల్లబారి, పడినప్పుడల్లా మణికట్టు విరిగే మన ఆడవాళ్ళకి ఈ లెక్క సరిగ్గా అతుకుతుంది.

ఈ నొప్పిని మొదట వివరంగా రాసింది మాత్రం సైనికుల గురించి. అమెరికా అంతర్యుద్ధంలో తూటాలు తగిలి నరాలు దెబ్బతిన్నవాళ్ళని ఫిలడెల్ఫియా డాక్టరు సైలస్ వైర్ మిచెల్ చూశాడు. ఇద్దరు సహచరులతో కలిసి 1864లో పుస్తకం వేశాడు. ఆ సైనికులు మండే చేతికి తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాళ్ళట. నా దగ్గరికి తడి తువ్వాలు చుట్టుకుని వచ్చే ఆడవాళ్ళకి ఆయన పేరు తెలియదు, వీళ్ళు చేసేది మాత్రం అదే. తమాషా ఏమిటంటే, ఆ మిచెలే తర్వాత ఆడవాళ్ళ నరాల జబ్బులకి మంచమే మందన్నాడు. చదవకూడదు, రాయకూడదు, లేవకూడదు, పాలు తాగుతూ వారాల తరబడి పడుకోవాలి. ఆ వైద్యం చేయించుకున్న షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో దాని మీద కథ అచ్చువేయించి ప్రపంచానికంతా తెలియజేసింది. మిచెల్ మీద నాకు గౌరవమూ ఉంది, కోపమూ ఉంది. మా ఇళ్ళల్లో ఇప్పటికీ ఆయన వైద్యమే నడుస్తోంది మరి. “చెయ్యి కదపకు, పడుకో” అని కొన్నాళ్ళు, “ఎన్నాళ్ళీ వేషాలు” అని ఆ తర్వాత. రెండూ చెరుపే.

నమ్మకపోవడానికి ఇంట్లో కారణాలు చాలా దొరుకుతాయి. ఒకావిడ ఆ చేతికి గాజులు వేసుకోలేక తీసి పక్కన పెట్టింది. ముత్తయిదువు ఒంటి చేతికి గాజులేమిటని ఆడపడుచు గొడవ. ఇంకో ఇంట్లో మందుబిళ్ళల మీద గొడవ. నరాల నొప్పికి రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ రాస్తారు. మందులషాపులో కుర్రాడు అది డిప్రెషన్ బిళ్ళ అని చెప్పి ఊరుకున్నాడు. ఇంటికెళ్ళేసరికి ఆమెకి మనసు బాగాలేదని తేలిపోయింది, బిళ్ళలు మానిపించేశారు. అదే మందు నరాల నొప్పికీ పనిచేస్తుందని ఆ భర్తని కూర్చోబెట్టి చెప్పడానికే ఒక పూట పట్టింది. గబాపెంటిన్, ప్రీగాబాలిన్ వాడేవాళ్ళు మత్తుగా ఉందంటారు. ఆ మాట రాసిన డాక్టరుకే చెప్పి మోతాదు మార్పించుకోవాలి, సొంతంగా మానకూడదు.

నా గదికొచ్చినవాళ్ళు ముందు అడిగేది “కరెంటు పెడతారా?” అని. మిషను పెట్టి వైర్లు తగిలిస్తేనే వైద్యం జరిగినట్టు లెక్క. కొందరికి దానివల్ల కాస్త ఉపశమనం ఉంటుంది, కాదనను. కానీ ఈ చేతిని బాగుచేసేది కరెంటు కాదు. మర్దన అసలే కాదు. ఇలాంటి చేతిని ఎవరో గట్టిగా పిసికి, వేళ్ళు విరిచి వంచితే వాపు రెట్టింపై వచ్చినవాళ్ళని చూశాను. ఐసు కూడా పెట్టవద్దంటాను.

నేను మొదలుపెట్టేది తాకిడితో. ముందు దూది, తర్వాత పాత పట్టుచీర ముక్క, తువ్వాలు, చివరికి గోనెసంచి. ఒక్కోదాన్నీ చర్మం మీద ఆమే రాసుకోవాలి, నేను కాదు. అది ఓర్చుకున్నాక బేసిన్లో బియ్యం పోసి చెయ్యి అందులో పెట్టి తిప్పమంటాను, ఆ తర్వాత మినుములు. మా డెల్టాలో మినుములకి కరువా! వడ్లు ఆఖరిది, వాటి గరుకు మామూలు చేతికే గుచ్చుకుంటుంది. పక్కనే ఒక నిలువుటద్దం. నొప్పి చెయ్యి అద్దం వెనక, మంచి చెయ్యి ముందు. మంచి చెయ్యి కదులుతుంటే అద్దంలో రెండోదే హాయిగా కదులుతున్నట్టు కనపడుతుంది, మెదడు ఆ బొమ్మని కొంతవరకు నమ్ముతుంది. అద్దం కిటుకు కాలూ చెయ్యీ తీసేసినవాళ్ళ కోసం మన తమిళనాడువాడు వి.ఎస్. రామచంద్రన్ కనిపెట్టింది. 2003లో ఇంగ్లండులో ఈ జబ్బున్న ఎనిమిది మందికి అది చేసి చూశారు. జబ్బు మొదలై ఎనిమిది వారాల లోపు ఉన్నవాళ్ళకి నొప్పి తగ్గింది, రెండేళ్ళు దాటినవాళ్ళకి తగ్గలేదు. ఎనిమిది మంది చిన్న లెక్కే, అయినా నా అనుభవానికి సరిపోయింది. ఈ జబ్బులో మందుకంటే వేళ ముఖ్యం.

ఇక అసలు మందు పని. 1987లో అమెరికాలో ఇద్దరు చేతుల వైద్య నిపుణులు రాసిన పద్ధతి ఇది. మోకాళ్ళ మీద వంగి బ్రష్షుతో నేల తోమాలి, ఆ తర్వాత బరువు పట్టుకుని నడవాలి. తోమడం మూడు నిమిషాలు, రోజుకు మూడుసార్లు. కీళ్ళని వంచే వ్యాయామంకంటే ముందు ఇలా చేతి మీద బరువు వేయిస్తే మేలని వాళ్ళు చూపించారు. మొదట నొప్పీ వాపూ పెరుగుతాయి, తర్వాత దిగుతాయి. బరువు మొయ్యడం బకెట్లో చెంబెడు నీళ్ళతో మొదలుపెట్టిస్తాను.

ఇది విన్న అత్తగారు ఒకామె మొహం వెలిగిపోయింది. “మేం మొదట్నుంచీ చెబుతోంది అదేగా అమ్మాయ్! ఇల్లు తుడిస్తే తగ్గుతుందని!” అంది. కోడలు తలెత్తలేదు. ఇలాంటప్పుడు నా పని చెయ్యి దగ్గర ఆగదు. “అత్తయ్యగారూ, మూడు నిమిషాలు మందు. నాలుగో నిమిషం మందు కాదండీ” అన్నాను. చీటీ మీద రాసి, సమయం గడియారంలో చూడాల్సింది మీరే అని ఆమె చేతికే ఇచ్చాను. ఇల్లు మొత్తం తుడవడం వేరు, చేతికి కొలిచి ఇచ్చిన పని వేరు. నొప్పి లేనిరోజు ఎక్కువ చేసి, ఉన్నరోజు మానేస్తే చెయ్యి బాగుపడదు. నొప్పితో నిమిత్తం లేకుండా, ఇంటి అవసరంతో నిమిత్తం లేకుండా గడియారం ప్రకారమే జరగాలి. ఆ పెద్దావిడ వాచీ పట్టుకుని కూర్చుని, టైము అవగానే “ఇక చాలు, లే” అనేది. ఆ “చాలు” అన్నమాట ఆ ఇంట్లో కోడలికి ఎప్పుడైనా వినపడి ఉంటుందా అని నా అనుమానం.

ఆడపిల్లల సంగతి వేరు. వాళ్ళకి చేతికంటే కాలికి ఎక్కువ వస్తుంది, పదీ పదమూడేళ్ళ వయసులో, చిన్న బెణుకు తర్వాత. కూచిపూడి మాకు పక్క ఊరే, నాట్యం నేర్చుకునే పిల్లలు చీలమండ బెణికి వస్తుంటారు. ఒక పిల్ల సాక్సు వేసుకోలేకపోయింది, దుప్పటి కాలికి తగిలితే కెవ్వుమనేది. స్కాన్లన్నీ బాగున్నాయి. బడి పరీక్షలంటే భయమన్నారు, దిష్టి తీశారు, క్రేప్ కట్టు కట్టి మంచం దించలేదు. ఆ పిల్లకి నేను చేయించింది మొదట చాప మీద, తర్వాత ఇసకలో నిలబడడం. ఆ తర్వాత గోడ పట్టుకుని మొదటి కాలంలో తకధిమి. పాదం నేలకి తగిలినప్పుడల్లా ఏడ్చేది. “ఏడుస్తూనే వెయ్యమ్మా” అనేదాన్ని. వాళ్ళమ్మని మాత్రం బయట కూర్చోమనేదాన్ని, తల్లి మొహం చూస్తే పిల్ల కాలు ఎత్తేస్తుంది.

అమెరికాలో డేవిడ్ షెర్రీ బృందం 103 మంది పిల్లల ఫలితాలు 1999లో ప్రచురించింది. అందులో 87 మంది ఆడపిల్లలే. గట్టి వ్యాయామంతో 95 మందికి మొదటి విడతలోనే నొప్పి పూర్తిగా పోయింది, కొందరికి తర్వాత తిరగబెట్టింది. మా పిల్ల కూడా ఇప్పుడు గజ్జె కడుతోంది. పళ్ళెం మీద తరంగం ఎప్పుడు చెయ్యనిస్తారని అడుగుతోంది, అది వాళ్ళ గురువుగారు చెప్పాల్సిన మాట.

అందరికీ ఇలా జరగదు. నాట్లకెళ్ళే ఒకామె నాటు కట్టు కట్టించుకుని, ఏడాది గడిచాక వచ్చింది. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. నొప్పి కొంత దిగింది కానీ పిడికిలి పూర్తిగా విప్పలేకపోతోంది. మా వైపు నాట్లు ఎకరానికింతని గుత్తకి చేస్తారు, వచ్చిన డబ్బు ముఠా అంతా పంచుకుంటుంది. ఒక చెయ్యి మందగిస్తే అందరి కూలీ తగ్గుతుంది, అందుకని ముఠాలోకి ఆమెని పిలవడం మానేశారు. వాళ్ళని తప్పు పట్టలేను. ఆమె ఇంకో ఏడాది ముందు వచ్చి ఉంటే అని మాత్రం అనుకోకుండా ఉండలేను.

విటమిన్ సి గురించి అడుగుతుంటారు. మణికట్టు విరిగినప్పటి నుంచి రోజుకు 500 మిల్లీగ్రాముల చొప్పున 50 రోజులు వాడితే ఈ జబ్బు తక్కువ వచ్చిందని నెదర్లాండ్స్ వైద్యులు 1999లో రాశారు. తర్వాతి పరిశోధనలన్నీ ఒప్పుకోలేదు. ఖర్చు తక్కువ, మీ డాక్టరుగారు సరేనంటే వాడుకోవచ్చు.

చదివేవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు. విరిగిన చెయ్యి నొప్పి రోజురోజుకీ తగ్గాలి. మొదటి వారం గడుస్తున్నా పెరుగుతుంటే, కట్టు బిగుతుగా ఉందని మీ అమ్మో భార్యో చెబుతుంటే, అదే రోజు కట్టు వేసిన డాక్టరుకి చూపించండి. కట్టులో ఉన్నా వేళ్ళు, మోచెయ్యి, భుజం కదిలిస్తూ ఉండమనండి. కట్టు విప్పాక చెయ్యి రంగు మారి, తాకితే మండుతుంటే వారం లోపల ఫిజియోథెరపీకి తీసుకురండి, దగ్గర్లో ఎవరున్నా సరే. కరెంటు పెట్టమని మాత్రం పట్టుబట్టకండి.