బస్తీ ముచ్చట్లు – 9: గ్లాసు మీద మరక

మా అమ్మ 22 ఏళ్లు హైదరాబాద్‌లో ఇండ్లల్లో పనిచేసింది. బోళ్లు తోమడం, బట్టలుతకడం, బండలు తుడవడం. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో సాయంగా ఒక అపార్ట్‌మెంట్‌కు పోయిన. అమ్మ తోమేది, నేను కడిగి బోర్లించేదాన్ని.

ఒకరోజు ఆ ఇంటి మేడం గాజు గ్లాసు తీసి కిటికీ వెలుగులో పెట్టి చూసింది. గ్లాసు నిండా తెల్లగా చుక్కలు చుక్కలు.

"ఏందిది? తోముడంటే ఇదేనా? మీ ఇండ్లల్ల ఇట్లనే తాగుతరా?"

అమ్మ ఏమనలేదు. గ్లాసు తీసుకొని మళ్లీ తోమింది. ఆరినాక మళ్లీ అవే చుక్కలు.

"మీ ఇండ్లల్ల" అంటే ఏ ఇండ్లో నాకు ఆ వయసుకే తెలుసు. మాదిగోళ్ల ఇండ్లని పేరుపెట్టి అనాల్సిన పనిలేదు, ఆ గొంతు చాలు. ఆ చుక్కలు ఎందుకొస్తయో తెలియడానికి మాత్రం నాకు ఇంకో 7 ఏళ్లు పట్టింది.

మా బస్తీలో రెండు రకాల నీళ్లు. ఒకటి మంజీరా. కృష్ణా నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా, సర్కారు నల్లాలో వస్తే మావాళ్లకు అది మంజీరానే. రోజు విడిచి రోజు, గంటసేపు. తాగడానికి, వంటకు సరిపోతే గొప్ప. రెండోది బోరు నీళ్లు. ఆరు కిరాయి ఇండ్లకు కలిపి ఓనరు మిద్దె మీద పెట్టిన ఒకే ట్యాంకు. స్నానం, బట్టలు, బోళ్లు, అన్నీ దాంతోనే.

హైదరాబాద్ గ్రానైటు రాయి మీద కూర్చున్న ఊరు. బోరు నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్లకేళ్లు నిలిచి కాల్షియం, మెగ్నీషియం కరిగించుకొని వస్తయి. మనం ఉప్పు నీళ్లంటం, పుస్తకంలో కఠిన జలమని రాస్తరు. ఆ నీళ్లలో సబ్బు వేస్తే నురగ కాకముందే తెట్టు అయితది. ఆ తెట్టు బట్ట పోగుల్లో ఇరుక్కుంటది, జడలో అట్టకడతది. తెల్ల చొక్కా కొన్ని ఉతుకులకే బూడిద రంగుకు తిరుగుతది.

బడిలో మాకు శనివారం తెల్ల యూనిఫాం. ప్రేయర్లో టీచర్ నన్ను ముందుకు పిలిచి అందరి ముందు అడిగింది: "సబ్బు కొనరా మీ ఇంట్లో?"

కొంటరు టీచర్. మీకంటే ఎక్కువ కొంటరు. ఈ జవాబు ఆరోజు నా నోట్లోంచి రాలే. శుక్రవారం రాత్రి అమ్మ ఆ చొక్కాను బండకేసి ఉతికిన చప్పుడు మాత్రం చెవిలో తిరిగింది. అప్పటికే సబ్బుకు, సోడాకు ఆమె వేళ్ల సందులు పగిలి ఉండేవి. రాత్రి కొబ్బరినూనె రాసుకొని పడుకునేది.

డిగ్రీ రెండో ఏడు కెమిస్ట్రీ ల్యాబులో నీటి కఠినత్వం కనుక్కునే ప్రయోగం వచ్చింది. సార్ ఇంటి నుంచి నీళ్లు తెమ్మన్నడు. నేను రెండు సీసాలు తీసుకపోయిన, మంజీరా ఒకటి, బోరు ఒకటి. నీళ్లలో బఫరు పోసి, ఎరియోక్రోమ్ బ్లాక్ టి చుక్కలు వేస్తే ఎర్రగా అయితది. బ్యూరెట్ నుంచి ఈడీటీఏ వదులుతూ పోతే ఒక దగ్గర నీలం తిరగాలె. మంజీరా నీళ్లు తొందరగానే తిరిగినయ్. మా బోరు నీళ్లకు బ్యూరెట్ ఖాళీ అయింది. మళ్లీ నింపిన. లెక్క కడితే లీటరుకు 600 మిల్లీగ్రాములు దాటింది.

తాగే నీళ్లకు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు 200. వేరే దిక్కు లేకుంటేనే 600 దాకా ఒప్పుకుంటది. ఆ నీలం రంగు చూస్తుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మార్కులు పోయినయేమోనని పక్కనున్న దోస్తు నన్ను ఓదార్చింది.

అదే ఏడు అమ్మ పనిచేసే అపార్ట్‌మెంట్‌లో నీళ్లను మెత్తబరిచే మిషన్ పెట్టించిన్రు. అక్కడా ఎక్కువ బోరు నీళ్లే మరి. ఆ మిషన్ కాల్షియాన్ని పట్టుకొని సోడియాన్ని వదులుతది. అప్పుడప్పుడు ఉప్పు పోస్తే మళ్లీ పనిచేస్తది. వారం తిరగకముందే మేడం అమ్మతో అన్నదట: "ఇప్పుడు మంచిగ తోముతున్నవ్."

అమ్మ నవ్వుకుంట చెప్పింది. "చేతులు అవే బిడ్డా, పీచు అదే."

నాకు నవ్వు రాలే. అన్నేండ్లు ఆ మరక వాళ్ల నల్లాది. మాట పడ్డది మా అమ్మ.

ఉప్పు నీళ్లతో కిడ్నీల్లో రాళ్లొస్తయని భయపెట్టడానికి ఇది రాస్తలేను. కఠినత్వానికి ఆరోగ్యం లెక్కన హద్దు పెట్టేంత ఆధారం ప్రపంచ ఆరోగ్య సంస్థకు కూడా దొరకలేదు. నష్టం వేరే దగ్గర ఉంది. సబ్బు ఎక్కువ పడుతది. పప్పు ఉడకక గ్యాసు ఎక్కువ కాలుతది. హీటర్ రాడ్డుకు సున్నం పట్టి కరెంటు తింటది. మంజీరా రాని రోజు 20 లీటర్ల క్యాను కొనాలె. మిషన్ పెట్టించుకోలేనోళ్లే ఇవన్నీ కట్టాలె. ఆపైన "శుభ్రం లేనోళ్లు" అన్న పేరు కూడా వాళ్లకే.

1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగితే, సవర్ణులు చెరువు మైలపడిందని పేడ, గోమూత్రం పోసి శుద్ధి చేసిన్రు. 1985లో కారంచేడులో మాదిగలు తాగే నీళ్లను పాడుచేయొద్దన్నందుకు మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. ఈరోజు పట్నంలో నల్లా ముట్టుకుంటే మనల్ని ఎవరూ కొట్టకపోవచ్చు. కానీ ఏ గల్లీకి ఏ నీళ్లు, ఎన్ని గంటలు అన్నది చూడండి. మరక కనబడంగనే ఎవరి దిక్కు చూస్తరో కూడా చూడండి. మైల అన్న మాట పోయింది, ఆ చూపు పోలేదు.

హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల నీళ్లు ఉచితమంటున్నరు. మంచిదే. గంటసేపు వచ్చే నల్లాలో అన్ని లీటర్లు ఎట్ల పట్టుకోవాలె? మిగతాది బోరే. ఆ మోటరు కరెంటు బిల్లు కిరాయోళ్లే పంచుకోవాలె.

సైన్సు చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లకు ఒక పని చెప్తున్న. మీ బస్తీ నీళ్లు ఒక సీసా, పక్క కాలనీ నీళ్లు ఒక సీసా కాలేజీ ల్యాబుకు తీసుకపోండి. రెండు లెక్కలూ తేదీతో, గల్లీ పేరుతో ఒకే కాగితం మీద రాయండి. నల్లా ఎన్ని గంటలొస్తదో కింద రాయండి. ఆ కాగితం పట్టుకొని వాటర్ బోర్డు ఆఫీసుకు పోదాం. బట్టలు, బోళ్లు కూడా మంజీరా నీళ్లతోనే కడుక్కునేటన్ని గంటలు నల్లా ఇయ్యమని అడుగుదాం.

దానికంటే ముందు ఇంటికి పోయి మీ అమ్మకు చెప్పండి, ఆ మరక ఆమెది కాదని. మా అమ్మకు నేను చెప్పేసరికి ఆమె చేతులకు ఆ పని చేసే బలం అయిపోయింది.

జై భీమ్.