మెట్లకోత వజ్రము

మా మేనకోడలి నిశ్చితార్థమునకై ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని బ్యాంక్ స్ట్రీట్ నగల దుకాణములు తిరుగుచుండగా, మిఱుమిట్లు గొలుపు గుండ్రని రాళ్లను కాదని ఆమె ఎమరాల్డ్ కట్ వజ్రమునే కోరుట నాకెంతయు ముచ్చట గొలిపినది. పెళుసైన మరకతముల మూలలు విఱుగకుండుటకై వెలసి, పిదప వజ్రములకును సంక్రమించిన ఈ మెట్లకోత, తన విశాలమైన పైతలము గుండ రాతి అంతరంగమునంతయు నిష్కపటముగ చూపును. కొల్లూరు గనులనుండి వెలువడి గోల్కొండ పేరిట జగద్విఖ్యాతములైన వజ్రముల కీర్తియు, అట్టి జలనిర్మలత్వమునందే గదా నిలిచినది! కావున, పరిమాణము కొంత తగ్గినను సరియే గాని, స్వచ్ఛతలో వీఎస్1 శ్రేణికంటె దిగువకు పోవలదనియు, జీఐఏ రత్నపరీక్షా పత్రమునందలి సంఖ్యను రాతి నడుము అంచున చెక్కియున్నచో భూతద్దముతో సరిచూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుమనియు ఆమెకు మరిమరి చెప్పితిని.