గోడలోని ఖాళీ దారులు

ఇల్లెందు నుండి కొత్తగూడెం పోయే దారిలో, అడవిని ఆనుకొని ఉన్న మా టేకులపల్లిలో నేను ఇల్లు కట్టించ పూనుకొన్నప్పుడు బంధువులు గుమ్మాల గురించి, రంగుల గురించి అడిగారు. గోడల లోపల పోయే తీగల గురించి ఒక్కరూ అడగలేదు. నా మనసు మాత్రం అక్కడే ఉంది.

అందుకు కారణం లేకపోలేదు. 2020లో కరోనా వల్ల విద్యాలయాలు మూతపడ్డాయి. మా అమ్మాయి కళాశాల పాఠాలు ఫోనులో వచ్చేవి. పాత ఇంట్లో సిగ్నలు అందక, ఆమె ఊరి చివర చింతచెట్టు క్రింద కూర్చొని వినేది. వాన వస్తే ఆనాటి పాఠం అంతే.

ఆ పెంకుటింట్లో కరెంటు తీగలు చెక్కపట్టీల మీద మేకులతో బిగించి ఉండేవి. తరువాత టెలిఫోను తీగ కిటికీ సందులో నుండి, కేబుల్ టీవీ తీగ దూలం మీదుగా వచ్చాయి. వచ్చిన ప్రతి వస్తువూ గోడకు ఒక రంధ్రం చేసింది. టెలిఫోను పోయింది, రంధ్రం మిగిలింది.

దీపాలకు, ఫ్యాన్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులు. ఇంటర్నెట్టుకు, కెమెరాకు అంతకన్న ఎంతో తక్కువ చాలు. ఈ రెండు రకాల తీగలను ఒకే గొట్టంలో వేయరాదు. ప్రమాదం ఒకటి, సమాచారానికి కలిగే ఆటంకం మరొకటి. రెండు గొట్టాలూ ఎడంగా నడవాలి. కలవక తప్పని చోట ఒకదానినొకటి అడ్డంగా దాటిపోవాలి.

మెట్ల క్రింది అలమర నుండి ప్రతి గదికీ వేరువేరుగా గొట్టాలు గీసిన నా పటం చూసి మేస్త్రీ, "సారూ, తీగ లేని ఉత్త పైపులెందుకు? దండుగ కదా!" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. నేడు దొరికే క్యాట్ 6 తీగలో ఎనిమిది రాగి తీగలు జంటలుగా మెలివేసి ఉంటాయి. వంద మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్ సమాచారాన్ని అది మోయగలదు. కెమెరాకు కావలసిన విద్యుత్తును కూడా దాని ద్వారానే పంపవచ్చు. అమ్మాయి గదికి, ముందు గదికి దానినే వేయించాను. కాని ఇరవై ఏళ్ళకు ఏ తీగ వస్తుందో ఎవరు చెప్పగలరు? వెంట్రుక వంటి గాజుపోగు ఇప్పటికే పల్లెల దాకా వచ్చింది. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు. పిడుగులు పడే మా ప్రాంతానికి అది ఎంతో మేలు. అయితే పదునైన వంపును అది సహించదు. అందుకే మూలల్లో ఎల్బోలు మాని గొట్టాలను విశాలంగా వంచమన్నాను. ఒక్కొక్క దానిలో ఒక నైలాను దారం విడిచి పెట్టించాను. రేపటి తీగను దానికి కట్టి లాగితే చాలు, గోడ పగలగొట్టనక్కరలేదు.

గాలిలో వచ్చే వైఫైకి ఇంత హంగామా ఎందుకని తమ్ముడు నవ్వాడు. వైఫై పెట్టెకూ తీగ కావాలి కదా! పైగా ఇనుప చువ్వల స్లాబును దాటేటప్పుడు ఆ తరంగాలు బలహీనపడతాయి.

ప్లాస్టరింగుకు ముందే ప్రతి గోడనూ ఫోటో తీసి, కొలతలు వ్రాసి, ఇంటి పత్రాలతో పాటు పెట్టెలో దాచాను.

చివరి గొట్టం అమ్మ గది నుండి మా గదికి. అందులో చిన్న బ్యాటరీతో మోగే గంట తీగ వేయించాను. రాత్రివేళ కేక వేసే ఓపిక ఆమెకు లేదు. "నాకెందుకురా గంట, గోడ తడితే వినపడదా?" అన్నది. అంటూనే తన మంచం ఎంత ఎత్తుంటుందో చేతితో చూపి, మీట ఎక్కడ పెట్టాలో మేస్త్రీకి చెప్పింది.