తిరుచానూరిలో ఒక పాటల పద్దు

గడచిన కార్తిక బ్రహ్మోత్సవములకు మేము తిరుచానూరు పోయి నాలుగు దినములుంటిమి. తిరుపతినుండి ఆ యూరు అయిదు కిలోమీటర్ల దూరమే. కొండనుండి దిగివచ్చు యాత్రికులు పలువురు అలమేలుమంగమ్మవారిని దర్శించుకొని, కుంకుమ ప్రసాదము కొంగున ముడివైచుకొని, వచ్చిన బండిలోనే మరలిపోవుదురు. మేమును పూర్వము రెండు మూడు సార్లు అట్లే చేసితిమి. ఈసారి బంధువుల యింట బసచేయుటచే ఆ యూరిని చూచుటతోబాటు వినుట కూడ తటస్థించెను.

తిరుచానూరిలో పాట లేని వేళ లేదు. తెల్లవాఱకమునుపే కాఫీ అంగళ్ళలో సుప్రభాతము మ్రోగును. అది 1963లో ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారు పాడగా హెచ్. ఎం. వి. వారు వెలువరించిన రికార్డులోని గానము. ఆ కంఠమే నేటికిని ఆ వీధులను మేలుకొలుపుచున్నది. పద్మసరోవరపు మెట్లపై స్నానమాడు స్త్రీలు తమలో తాము కూనిరాగములు తీయుచుందురు. వాహనము ముందు కోలాటపు జట్లు పాడుచు నడచును. గాజుల అంగళ్ళ యొద్ద క్రొత్త సినిమాపాటలు. రాత్రి ఆస్థానమండపమున అన్నమాచార్య సంకీర్తనలు. వీనిలో ఏ పాట పెద్దది, ఏది చిన్నది యని ఆ యూరిలో నెవ్వరును అడుగరు. అట్టి యూరిలోనే, పాటలను వారమువారము తూచి వరుస కట్టిన పుస్తకమొకటి మా కంటబడినది. దానిని గూర్చియే ఈ నాలుగు మాటలు.

మాకు బస యిచ్చిన యిల్లాలు డెబ్బది యేండ్లకు చేరువైనవారు. వారిని మేము పెద్దక్కయ్య యని పిలుతుము. పంచమీతీర్థమునకు వచ్చు చుట్టముల కొఱకు ఇల్లు సవరించుచు, వారి మనుమరాలు అటకమీది పాతపెట్టె దింపి, అందలి కాగితములను అరుగుమీద పేర్చెను. పాతకాగితములవాడు త్రాసుతో సిద్ధముగా నుండెను. అందు అట్ట చినిగిన పొడుగుపాటి నోటుపుస్తక మొకటి చేతికి రాగా, మేము ఊరక విప్పిచూచితిమి. పుటపుటకును పైన ఒక బుధవారపు తేది. క్రింద ఒకటి మొదలు పదునాఱు వఱకు అంకెలు. ప్రతి యంకె యెదుట ఒక హిందీపాట పేరు తెలుగు లిపిలో. ప్రక్కన వెనుకటి వారపు స్థానము. పైకెక్కిన పాటకు ఎఱ్ఱసిరా గుర్తు, దిగినదానికి నల్లసిరా గుర్తు. 1970 మొదలు 1974 వఱకు ఒక్క వారమును తప్పలేదు.

“ఇది ఎవరి లెక్క, పెద్దక్కయ్యా?” అంటిమి.

ఆమె నవ్వి, “నాదేనమ్మా. పెండ్లికి ముందటి పిచ్చి” అనెను.

ఆమె తండ్రి రైల్వే యుద్యోగి. గుంతకల్లు జంక్షనులోని రైల్వే యిండ్లలో ఆమె పెరిగెను. ఇరుగుపొరుగున పలుభాషలవారు. బుధవారము రాత్రి ఎనిమిది గంటలకు ఆ వరుసలోని రేడియోలన్నియు ఒక్క స్టేషనుకే తిరిగెడివట. అది లంకాద్వీపమునుండి వచ్చు రేడియో సిలోన్. కార్యక్రమము బినాకా గీత్‌మాలా.

మన సోదరీమణులలో చిన్నవయస్సువారి కొఱకు దాని కథ కొంత చెప్పవలసియున్నది. 1952 ప్రాంతమున ఆకాశవాణివారు సినిమాపాటలను దాదాపు వెలివేసిరి. ఆ పాటలకై చెవి కోసికొనెడి జనము సముద్రము దాటి వచ్చు సిలోన్ రేడియో వైపు మఱలిరి. ఆ సంవత్సరము డిశంబరులోనే అమీన్ సయానీ యను యువకుని కంఠముతో గీత్‌మాలా ఆరంభమయ్యెను. ఖర్చు భరించినది బినాకా టూత్‌పేస్టువారు. తరువాత 1957లో ఆకాశవాణివారే వివిధభారతిని స్థాపించి సినిమాపాటలకు తలుపు తెఱచిరి. అయినను బుధవారపు రాత్రి మాత్రము సిలోన్‌దే. 1989లో ఆ కార్యక్రమము వివిధభారతికి మారి 1994 వఱకు నడచెను. సయానీగారు 2024లో తొంబదియొక్క యేండ్ల వయస్సున కన్నుమూసిరి.

ఆయన క్రింది పాటనుండి మొదలిడి పై పాటవఱకు మెట్టుమెట్టుగా ఎక్కుచు వచ్చెడివారు. ఆ మెట్టునకు ‘పాయ్‌దాన్’ అని పేరు పెట్టిరి. బహువారములు నిలిచిన పాటకు ‘సర్‌తాజ్’ అని బిరుదమిచ్చి బూరలు ఊదించెడివారు. ఈ వరుస ఎట్లు కట్టెడివారనగా, రికార్డుల అంగళ్ళనుండి అమ్మకపు లెక్కలు, శ్రోతల సంఘములనుండి అభిప్రాయములు తెప్పించుకొని రెండును కలిపెడివారు. గ్రామఫోను గలవాడే రికార్డు కొనును. కొనుటకు రూపాయి ఎవరి చేత నుండునో వారి అభిరుచియే అమ్మకపు లెక్కకెక్కును. ఇంటి ఆడపిల్లకు మిగిలినది కార్డు ముక్క. పెద్దక్కయ్య దాచుకొన్న చిల్లరతో నెలకొక కార్డు వ్రాసి వేసెడివారట. తన పేరు రేడియోలో ఒక్కసారియు వినబడలేదు. “వినబడకపోయిన నేమి? నా మాట కూడ ఆ లెక్కలో కలిసినది కదా యని సంతోషము” అని ఆమె చెప్పెను.

మేము పుటలు త్రిప్పుచుంటిమి. ఆమె చూడకయే చెప్పుచుండెను. 1970 సంవత్సరమంతటికిని మొదటిది ‘దో రాస్తే’లో లతా మంగేష్కర్ పాట. 1971లో ‘అందాజ్’ చిత్రమున కిశోర్ కుమార్‌ది. 1972లో ‘హరేరామ హరేకృష్ణ’లో ఆశా భోంస్లేది. 1973లో ‘జంజీర్’ చిత్రమున మన్నాడేది. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క జ్ఞాపకము: ఒకటి తమ్ముడు పుట్టిన యేటిది, ఒకటి మెట్రిక్ పరీక్షల నాటిది. ఇతరులకు అవి అంకెలు, ఆమెకు దినచర్య.

ఇంతలో కడపటి పుట వచ్చెను. 1974లో నొక బుధవారపు తేది. క్రింద ఒకటి మొదలు పదునాఱు వఱకు అంకెలు వేసియున్నవి. వాని యెదుట ఏమియు లేదు.

“అంకెలు ముందుగానే వేసి పెట్టుకొనెడిదానను. ఆ వారము పెండ్లియైనది. తిరుచానూరు వచ్చితిని. ఇక్కడ రేడియో ముందుగదిలో నుండెను. ఎనిమిదింటికి మగవారికి వడ్డన వేళ.”

“అడిగిన వలదందురా?”

“ఏమని అడిగేదమ్మా? కొత్త కోడలు, పాటల లెక్క వ్రాసుకోవలెనని అడుగుతుందా? మా అత్తమ్మ మంచిదే. అడిగియుంటే ఒప్పునేమో. అడగనే లేదు.”

ఆ మాటకు మేమేమియు పలుకలేకపోతిమి. మనలో ఎందఱి పుస్తకములు ఇట్లు అంకెలవద్ద ఆగలేదు?

ఆ సాయంకాలము మేము ఆస్థానమండపమునకు పోయితిమి. గాయకులు అలమేలుమంగ నాయికగా గల అన్నమయ్య శృంగార సంకీర్తనలు పాడుచుండిరి. 1408లో జన్మించి 1503లో పరమపదించిన ఆ మహనీయుని పాటలు వేలకొలదిగా రాగిఱేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమున ఒక అఱలో శతాబ్దములపాటు చీకటిలో పడియుండెను. గడచిన శతాబ్దమున పండితులు వానిని వెలికితీసి పరిష్కరించిరి. 1978లో దేవస్థానమువారు అన్నమాచార్య ప్రాజెక్టును స్థాపించిన పిమ్మట అవి యింటింటికి చేరినవి. ఆ చీకటి కాలమున ఎవరైన పాటల వరుస కట్టియుండినచో వీనికి ఏ మెట్టును దక్కియుండదు. దక్కనంతమాత్రమున పాట చచ్చెనా?

ఈ విషయమున దేశభేదము లేదు. పెద్దక్కయ్య గుంతకల్లులో గీతలు గీయుచున్న దినములలోనే అమెరికాలో బిల్‌బోర్డు పత్రికవారు వారమువారము పాటల పట్టిక ప్రకటించుచుండిరి. నల్లజాతివారు ఎక్కువగా వినెడి పాటలకు వేఱొక పట్టిక. 1969 మొదలు 1982 వఱకు దానికి ‘సోల్’, అనగా ఆత్మ, అని పేరు. రోబర్టా ఫ్లాక్ యను నల్లజాతి గాయని 1969లో పాడిన యొక ప్రేమగీతమును మొదట ఎక్కువమంది పట్టించుకొనలేదు. 1971లో నొక చలనచిత్రమున దానిని వినిపించిరి. 1972లో అది దేశమంతటి పట్టికలో మొదటి మెట్టెక్కి ఆఱువారములు దిగలేదు. పాట మాఱలేదు, కంఠము మాఱలేదు. వినువారికి ఆలస్యమైనది, అంతే.

కావున పట్టిక చెప్పునది ఈ వారము ఎవరు వినిరి, ఎవరు కొనిరి యని మాత్రమే. పాట విలువ అందుండదు. అట్లని ఆ పట్టికను నిత్యము వ్రాసికొన్న బాలిక శ్రమ వ్యర్థమని మేమనజాలము. ఆ పదునాఱు వరుసలలో ఆమె తన ఇష్టమును, తన తీర్పును నాలుగేండ్లు కాపాడుకొనెను. మనసుకు నచ్చినదానికి లెక్క పెట్టుకొనుట మగవారికి వినోదము. స్త్రీకి అదియే పిచ్చి యనిపించుకొనును. తానే అట్లు పేరు పెట్టుకొనును కూడ.

మేము మండపమునుండి తిరిగివచ్చునప్పటికి పాతకాగితములవాడు పోయియుండెను. ఆ పుస్తకమును అమ్మలేదు. మనుమరాలు తన ఫోనులో ‘దో రాస్తే’ పాట వెదకి పెట్టెను. పెద్దక్కయ్య కన్నులు మూసికొని వినుచు, నడుమ ఒక చోట తాళము తప్పకుండ వ్రేలు కదపెను. తరువాత ఆ పిల్ల కడపటి పుట విప్పి, కలము తీసికొని, “అవ్వా, ఇప్పుడు చెప్పు. నీ పదునాఱు ఏవి?” అనెను.

ఆమె మొదట సిగ్గుపడి, పిమ్మట చెప్పసాగెను. గీత్‌మాలా పాటలు కొన్ని, ఘంటసాలగారివి రెండు, అన్నమయ్యవి మూడు, తన తల్లి పాడెడి జోలపాట యొకటి. పదునొకండవ యంకెవద్ద గడియారము ఎనిమిది కొట్టెను. ఆమె అలవాటుగా లేవబోగా కొడుకు, “కూర్చోమ్మా, ఈ పొద్దు నేను వడ్డించెద”నని వంటయింటిలోనికి పోయెను.

సోదరీమణులారా, మీ యిండ్లలో అటకమీద ఇట్టి పుస్తకము ఉండవచ్చును. దానిని త్రాసులో వేయకమునుపు, వ్రాసిన చేతిని ఒకసారి అడుగుడు.