బంక పోవాలి... రంగు మిగలాలి!

కొత్తగా కారు కొన్న ఇంట్లో మొదటి పేచీ పెట్రోలు గురించి రాదు, నీడ గురించి వస్తుంది. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుందని బాధ. చెట్టు కింద పెడితే బంక పడుతుందని బాధ. సొంత షెడ్డు ఉన్న అదృష్టవంతులు ఎందరుంటారు? మిగతావాళ్ళంతా ఏ వేపచెట్టో మామిడిచెట్టో చూసుకుని, దాని కింద బండి ఆపి 'హమ్మయ్య' అనుకుంటారు. తెల్లారేసరికి ఆ హమ్మయ్య కాస్తా 'అయ్యయ్యో' అవుతుంది.

కోనసీమలోని ఓ ఇంట్లో సంక్రాంతికి సరిగ్గా ఇదే జరిగింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న అబ్బాయి వాయిదాల మీద ముదురు నీలం రంగు కారు కొన్నాడు. ఆ ఇంటికి అదే మొదటి కారు. భోగి ముందురోజు భార్యాపిల్లలతో దిగి, వాకిట్లో మామిడిచెట్టు కింద నిలిపాడు. ఆ సాయంత్రమే తోరణాలకని పిల్లలు మామిడి మండలు విరిచారు. విరిచిన చోటల్లా సొన కారింది. దానికితోడు చెట్టు నిండా పూత. పండగ సందడిలో కారును ఎవరూ కదపలేదు. కనుమ నాటికి బానెట్ మీద చెయ్యి వేస్తే చెయ్యి అంటుకుపోతోంది.

తండ్రి రిటైరైన మాస్టారు. కొడుకు నిద్ర లేచేసరికి కారు శుభ్రం చేసి పెడదామని తెల్లవారుజామునే లేచారు. బకెట్టు నీళ్ళు, సబ్బుపొడి, గిన్నెలు తోమే పీచు తెచ్చుకుని ఒక్కో చుక్కనూ గుండ్రంగా తిప్పి తిప్పి తోమారు. బంక వదిలింది. ఎండ వచ్చాక చూస్తే బానెట్ నిండా సన్నటి గీతల సుడులు! కొడుకు వచ్చి చూశాడు. 'పర్లేదులే నాన్నా' అన్నాడు. అన్న తీరు చూస్తేనే వాడికి ఎంత కష్టమనిపించిందో ఆయనకు తెలిసిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. చివరికి కొడుకే కదిపాడు. 'ఆ చెట్టు కొట్టించేసి అక్కడో రేకుల షెడ్డు వేయిద్దాం నాన్నా!'

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంటి ఆవకాయంతా ఆ చెట్టు కాయలతోనే. అయినా మాస్టారు కాదనలేదు. పొద్దున్న పీచు పట్టుకున్న చేతులతో ఇప్పుడు చెట్టు తరఫున మాట్లాడే ధైర్యం ఆయనకు లేకపోయింది.

మాట్లాడింది ఎనభై దాటిన మామ్మ. 'పనసపొట్టు కొట్టేవాడు కత్తికీ చేతులకీ ముందుగా నూనె ఎందుకు రాసుకుంటాడర్రా? జిగురును గోకితే పోదు. దానికి ఏది సరిపడుతుందో అది రాస్తే అదే జారిపోతుంది' అందావిడ. కారు గురించి ఏమీ తెలియని మనిషి చెప్పిన ఆ ఒక్క ముక్కలో చెయ్యాల్సిన పనంతా ఉంది.

కారు రంగు చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ రేకు మీద తుప్పు పట్టనివ్వని పూత, దానిపైన ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికన్నా పైన అద్దంలా పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్... ఇన్ని పొరలూ కలిపినా మందం సుమారు 100 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో పదోవంతు. జిరాక్స్ తీసే తెల్లకాగితం మందం ఎంతో ఇంచుమించు అంతే! మెరుపునిచ్చే క్లియర్ కోట్ అందులో ఏ సగమో ఉంటుంది. పీచు గీసేది ఆ పొరనే. ముదురు రంగుల మీద ఆ గీతలు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అలాగని బంకను వదిలేసినా కుదరదు. ఎండకు గట్టిపడి, ఆ పొరను తినేసి మచ్చ మిగులుస్తుంది. కాబట్టి వదిలేయనూ కూడదు, గీకనూ కూడదు. నానబెట్టాలి.

దేనితో నానబెట్టాలన్నది ఏం పడిందన్న దాన్నిబట్టి ఉంటుంది. మామిడి పూత రోజుల్లో కారు మీద పడే సన్నటి జిగురు తుంపర అసలు చెట్టుది కానే కాదు. పూత రసం పీల్చే తేనెమంచు పురుగులు విసర్జించే తీపి ద్రవం అది. అందుకే చీమలు చేరతాయి, ఆలస్యమైతే నల్లటి మసిలాంటి బూజు పడుతుంది. పంచదార పాకంలాంటిదే కనుక గోరువెచ్చని నీళ్ళు చాలు. తుమ్మ, వేప, మునగ బంకలూ నీళ్ళకు మెత్తబడేవే. తుమ్మబంక నానబెట్టి కాగితాలు అతికించిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. మామిడి సొన సంగతి వేరు. పెదవి పక్కన తగిలితే పుండు చేసే ఘాటు నూనెలు అందులో ఉంటాయి. దానికి నూనె గానీ స్పిరిట్ గానీ కావాలి. గుగ్గిలంలాంటి గట్టి జిగుళ్ళకు స్పిరిట్ మేలు. పనస, మర్రి, రావి పాలు రబ్బరులా సాగుతాయి. వాటికి నూనె.

ఇక పని మొదలుపెట్టే ముందు కారు నీడలో ఉండాలి, రేకు చల్లగా ఉండాలి. ముందుగా మామూలు నీళ్ళు పోసి దుమ్మంతా కడిగేయాలి. దుమ్ము ఉండగా గుడ్డ పెడితే ఆ ఇసుకే గీతలు పెడుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళలో కారు షాంపూ కలిపి, అందులో ముంచిన మెత్తటి గుడ్డను మరక మీద పది నిమిషాలు పరిచి ఉంచాలి. చాలా చుక్కలు ఇక్కడే వదిలిపోతాయి. లొంగనివాటి మీద కాస్త కొబ్బరినూనె రాసి మరో పది నిమిషాలు ఆగి, మెత్తగా తుడవాలి.

అప్పటికీ పోకపోతే సర్జికల్ స్పిరిట్. కొవిడ్ కాలం నుంచి చాలా ఇళ్ళలో ఉంటున్న ఆల్కహాల్ శానిటైజర్ అయినా ఫర్వాలేదు. తలుపు అంచు కిందలాంటి కనిపించని చోట ఒక చుక్క రాసి, గుడ్డకు రంగు అంటడం లేదని చూసుకోవాలి. షెడ్డులో మళ్ళీ రంగు వేయించిన చోటైతే ఈ పరీక్ష తప్పనిసరి. తర్వాత దూదిని తడిపి మరక మీద అర నిమిషం అదిమిపట్టాలే తప్ప రుద్దకూడదు. మెత్తబడ్డ బంకను అంచు నుంచి లోపలికి ఎత్తేసి, వెంటనే నీళ్ళతో కడిగేయాలి. ప్లాస్టిక్ హెడ్‌లైట్లకు, రబ్బరు పట్టీలకు స్పిరిట్ తగలనివ్వకూడదు. దగ్గర్లో అగరుబత్తి కూడా వెలుగుతూ ఉండకూడదు. చివర్లో మొత్తం షాంపూతో కడిగి ఆరబెట్టి, ఆ చోట మైనం పాలిష్ పట్టించాలి. నూనె, స్పిరిట్లతో పాటు పాత మైనం కూడా పోతుంది కదా మరి.

గోరు, బ్లేడు, పీచు, బూడిద... ఇవేవీ రంగు దగ్గరికి రాకూడదు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ బంకతో పాటు రంగునూ లాగేస్తాయి. బంక పోయాక కూడా గుండ్రటి మచ్చ మిగిలిందంటే క్లియర్ కోట్ దెబ్బతిన్నదని అర్థం. ఇంట్లో ఇంకా రుద్దడం మానేసి, పాలిష్ తెలిసినవాళ్ళకు చూపించాలి.

కోనసీమ కారుకూ ఆ పాలిషే జరిగింది. గీతలు చాలావరకు కలిసిపోయాయి. పరిశీలనగా చూస్తే ఒకటి రెండు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. చెట్టును మాత్రం కొట్టలేదు. తేనెమంచు పురుగుకు గుబురుగా, చీకటిగా ఉండే చెట్టంటే ఇష్టం. అందుకే కాయలు దిగాక లోపలి కొమ్మలు పలచన చేసి గాలీ వెలుతురూ తగలనివ్వాలంటారు ఉద్యాన శాస్త్రవేత్తలు. మాస్టారు అలాగే చేయించారు. ఆ వేసవిలో ఆవకాయ జాడీ హైదరాబాద్ వెళ్ళింది కూడా ఆ కారు డిక్కీలోనే.

చెట్టు కింద బండి పెట్టేవాళ్ళు రోజూ సాయంత్రం ఒకసారి బానెట్ చూసుకోవాలి. ఆ పూట పడిన చుక్క తడిగుడ్డకు పోతుంది. వారం ఆగితే స్పిరిట్ కావాలి. నెల ఆగితే పాలిష్ కావాలి. మామిడి పూత ఉండేది ఏడాదిలో రెండు మూడు నెలలే. ఆ కొన్నాళ్ళూ పది అడుగులు ఇవతలగా ఆపుకుంటే సరిపోతుంది. మిగతా ఏడాదంతా ఆ నీడ మనదే.