మైలవరంలో 78 అడుగులు

విజయవాడ బస్టాండులో తిరువూరు బస్సెక్కితే కుడివైపు కిటికీ సీటు కోసం మా బ్యాచ్‌లో రోజూ గొడవే. ఎడమవైపు కూర్చుంటే సాయంత్రం ఎండంతా మొహం మీదే. ఈ సంక్రాంతి సెలవుల్లో, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ అదే బస్సెక్కాను. పక్కన వాడు. అప్పట్లో హాస్టల్ రూమ్మేట్, ఇప్పుడు ఆర్మీలో కెప్టెన్. ఎక్కగానే కుడి కిటికీ వాడే పట్టేశాడు. ర్యాంకు పెరిగినా బుద్ధి మారలేదు.

గొల్లపూడి దాటి, ఇబ్రహీంపట్నం రింగు దగ్గర తిరిగితే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు. ఆ తర్వాత కొండపల్లి, రోడ్డు పక్కన బొమ్మల షాపులు. ఇంకాస్త ముందుకెళ్తే జి.కొండూరు, కొండలు, మామిడి తోటలు. జనవరి కదా, చెట్ల నిండా పూత. బస్సు ఆగినప్పుడల్లా ఆ వాసన లోపలికొచ్చేది. మొత్తం 40 కిలోమీటర్లు. చదువుకునేటప్పుడు బోర్ కొట్టిన రోడ్డే ఇప్పుడు ఫొటోలు తీసుకునే రోడ్డయింది.

మైలవరం అంటే మా తాతయ్యకి నాటకాలు. మైలవరం రాజావారు పోషించిన బాలభారతి నాటక సమాజం గురించి ఆయన తన నాన్న దగ్గర విన్న కథలు చెప్పేవాడు. మా అమ్మకి మైలవరం అంటే మామిడికాయలు. నాకు మాత్రం టెన్నిస్. వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం.

ఫస్టియర్‌లో వాడు ఇంటి నుంచి రెండు పాత రాకెట్లు తెచ్చాడు. వాళ్ల బాబాయివి. ఆడటానికి చోటు లేదు. ఊరి చివర, తోటలు మొదలయ్యే చోట ఒక బీడు భూమి ఉండేది. దాని ఓనరుగారిని అడిగితే, "గేదెలు వస్తే మాత్రం తోలకండి" అని ఒకే ఒక్క కండిషన్ పెట్టి ఒప్పుకున్నాడు. సివిల్ బ్రాంచి ఫ్రెండొకడు సర్వే టేపు తెచ్చాడు. టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. సింగిల్స్‌కి వెడల్పు 27, డబుల్స్‌కి 36. కొలిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, సున్నంతో గీతలు గీశాం. వాలీబాల్ నెట్టు మధ్యలో మూడడుగుల ఎత్తుకి దించి కట్టాం. బంతి గడ్డి దుబ్బు మీద పడితే ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. అదొక్కటీ పక్కన పెడితే, వింబుల్డనే.

నాలుగేళ్లూ అక్కడే ఆడాం. ఫైనలియర్‌లో ఒక సాయంత్రం, గేమ్ మధ్యలో వాడు ఆగి, "రేయ్ మామా, ఆర్మీకి అప్లై చేద్దాం. ఇంజనీరింగ్ అయినవాళ్లకి టెక్నికల్ ఎంట్రీ ఉంది. సర్వీస్ నీదే" అన్నాడు. చివరి మాట ఆటలో సర్వీసు గురించో, ఆర్మీ గురించో అర్థంకాక ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఇద్దరం అప్లై చేశాం. ఇద్దరికీ ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకి కాల్ లెటర్లు వచ్చాయి. వాడు వెళ్లాడు. నేను వెళ్లలేదు. జ్వరం అని చెప్పాను.

ఈ జ్వరం సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ ఆర్మీ, టెన్నిస్ రెండూ ఎక్కడ కలుస్తాయో చెప్పాలి.

సైనికులకి ప్రత్యేకంగా ఒలింపిక్స్ లాంటి పోటీలున్నాయని నాకు పదేళ్ల వయసులో తెలిసింది. 2007 అక్టోబరులో ప్రపంచ మిలిటరీ క్రీడలు హైదరాబాద్‌లో జరిగాయి. ఆసియాలో అవే మొదటివి. పడవ పోటీలు మాత్రం ముంబైలో పెట్టారు, హుస్సేన్ సాగర్ సరిపోలేదేమో మరి. వీటిని నడిపే సంస్థ పేరు సీఐఎస్ఎం. 1948 ఫిబ్రవరి 18న ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఐదు దేశాలు కలిసి మొదలుపెట్టాయి. ఫ్రాన్స్, బెల్జియం, డెన్మార్క్, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్. యుద్ధం ముగిసి మూడేళ్లు కూడా నిండలేదు. తుపాకులు పట్టుకున్న చేతులు ఆటల్లో కలవాలని వాళ్ల ఆలోచన. 'ఆటలతో స్నేహం' వాళ్ల నినాదం. 1995లో రోమ్‌లో మొదటి ప్రపంచ మిలిటరీ క్రీడలు పెట్టారు, రెండో ప్రపంచయుద్ధం ముగిసి యాభై ఏళ్లయిన సందర్భంగా.

హైదరాబాద్ పోటీల్లో టెన్నిస్ లేదు. ఆ ముచ్చట 2019 అక్టోబరులో, చైనాలోని వూహాన్‌లో తీరింది. అవును, ఆ వూహానే. అప్పటికి ఆ పేరు వింటే ఎవరూ మాస్కు వెతుక్కోలేదు. వందకు పైగా దేశాల నుంచి 9 వేల మందికి పైగా సైనిక క్రీడాకారులు వచ్చారు. మనవాళ్లలో శివ్‌పాల్ సింగ్ జావెలిన్‌ని 83.33 మీటర్లు విసిరి గోల్డ్ కొట్టాడు. ల్యాండ్‌మైన్ పేలి ఒక కాలు పోగొట్టుకున్న ఆనందన్ గుణశేఖరన్ పారా పరుగుల్లో మూడు గోల్డ్‌లు తెచ్చాడు. టెన్నిస్ పోటీలు జరిగింది ఆప్టిక్స్ వ్యాలీ టెన్నిస్ సెంటర్‌లో. అది మన హైదరాబాద్‌కి కొత్త చోటేం కాదు. 2015లో వూహాన్ ఓపెన్ డబుల్స్ టైటిల్‌ని సానియా మీర్జా, మార్టినా హింగిస్ గెలుచుకుంది అక్కడే.

అప్పుడు వాడు చెన్నైలో ట్రైనింగ్‌లో ఉన్నాడు. ఫోను వారానికోసారి దొరికేది. ఆ కాస్త టైమ్‌లో ఇంట్లోవాళ్లతో మాట్లాడాక నాకు చేసి, "వూహాన్‌లో టెన్నిస్ కూడా ఉందటరా, స్కోర్లు చూసి చెప్పు" అనేవాడు. నేనేమో గచ్చిబౌలిలో, 2007లో ఆ క్రీడల ఓపెనింగ్ జరిగిన స్టేడియానికి కూతవేటు దూరంలో, ఏసీ గదిలో కూర్చుని బగ్‌లు సరిచేసుకుంటున్నాను. వాడికి స్కోర్లు చెప్తుంటే ఏదో గొంతుకి అడ్డం పడేది.

సైన్యానికీ టెన్నిస్‌కీ లింకు గురించి వెతుకుతుంటే ఒక కథ దొరికింది. నన్నడిగితే దీని మీద సినిమా తీయొచ్చు. దక్షిణ కొరియాలో మగపిల్లలందరూ ఏడాదిన్నర పైచిలుకు సైన్యంలో చేయాల్సిందే. ఆటగాళ్లకి తప్పించుకునే దారులు రెండే. ఒలింపిక్స్‌లో ఏదో ఒక పతకం, లేదా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్. 2014లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ మెన్స్ డబుల్స్ ఫైనల్‌కి చేరిన కొరియా జోడీలో చంగ్ హ్యాన్ అనే 18 ఏళ్ల కుర్రాడున్నాడు. గెలిస్తే సైన్యం లేదు. నెట్టుకి అవతల ఎవరున్నారో తెలుసా? మన కృష్ణా జిల్లాలో పుట్టి విశాఖలో స్థిరపడ్డ సాకేత్ మైనేని, సనమ్ సింగ్‌తో కలిసి. మనవాళ్లు 7-5, 7-6తో ఓడిపోయారు. సాకేత్‌కి సిల్వర్ వచ్చింది. అదే గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్‌లో గోల్డ్ కూడా కొట్టాడు కాబట్టి పెద్ద బాధ ఉండకపోవచ్చు. ఆ కొరియా కుర్రాడు మాత్రం యూనిఫామ్ బదులు రాకెట్‌తోనే ఉండిపోయాడు. 2018 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జకోవిచ్‌ని ఓడించి సెమీస్‌కి వెళ్లాడు.

కథ అక్కడితో ఆగలేదు. తొమ్మిదేళ్ల తర్వాత, 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్. ఈసారి కొరియా స్టార్ క్వాన్ సూన్‌వూ. సింగిల్స్‌లో తనకంటే ర్యాంకులో ఎంతో కిందున్న థాయ్ ఆటగాడి చేతిలో ఓడి, కోపంతో రాకెట్‌ని నేలకేసి బాదిన వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ కోపం వెనక సంగతి ఇదే. ఇక మిగిలింది డబుల్స్. సెమీస్‌లో అవతల మళ్లీ సాకేత్! ఈసారి రామ్‌కుమార్ రామనాథన్‌తో. మొదటి సెట్ మనది, రెండోది టైబ్రేక్‌లో వాళ్లది. మ్యాచ్ టైబ్రేక్‌లో మనవాళ్లు 10-0తో ఊడ్చేశారు. క్వాన్‌కి దక్కింది బ్రాంజ్. 2025 జనవరిలో అతను సైన్యంలో చేరాడు. అక్కడ ఆటగాళ్ల కోసమే సాంగ్‌ము అని ఒక యూనిట్ ఉంది కాబట్టి రాకెట్ పూర్తిగా వదిలేయక్కర్లేదు. అది ఉండేది ముంగ్యాంగ్‌లో, 2015 మిలిటరీ క్రీడలు జరిగిన ఊళ్లోనే.

ఒకరి విడుదల, ఒకరి పిలుపు. రెండుసార్లూ నెట్టుకి ఇవతల మన జిల్లా మనిషే.

మైలవరంలో దిగేసరికి పదకొండయింది. సెంటర్‌లో మేం టీ తాగే కొట్టు ఉంది, పిన్ని కూడా ఉంది. మమ్మల్ని గుర్తుపట్టలేదు కానీ పట్టినట్టే మాట్లాడింది. "ఏం బాబూ, ఉద్యోగాలు వచ్చినయ్యా?" అంది. వాడు ఆర్మీ అని చెప్పగానే టీ డబ్బులు తీసుకోనంది. నావి తీసుకుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల పరిస్థితి ఇదీ.

మా కోర్టు దగ్గరికి నడుచుకుంటూ వెళ్లాం. బీడు లేదు. వెంచర్ అయింది. గ్రావెల్ రోడ్లు, నెంబర్లు వేసిన రాళ్లు, గేటు దగ్గర ఎండకి రంగు వెలిసిన ఫ్లెక్సీ. వాచ్‌మన్ మమ్మల్ని ప్లాటు కొనేవాళ్లనుకుని లోపలికి పంపాడు. చూసుకుంటూ వెళ్తే మా పాత వేపచెట్టు మిగిలుంది. ఆ చెట్టుని బట్టి లెక్కేస్తే ఒక బేస్‌లైన్ 14వ నెంబరు ప్లాట్లో, రెండోది రోడ్డుకి అవతల తేలింది. వాడు అడుగులో అడుగేసి 78 కొలిచాడు. ఆర్మీ అడుగులు కదా, రెండుసార్లు కొలిస్తే రెండుసార్లూ ఒకచోటే ఆగాడు. నేను ఫోన్‌లో కొలిచే యాప్ తీశాను. ఎండకి స్క్రీను కనపడలేదు.

"కమాండ్ పోటీల్లో ఆడావు కదా, ఏమైంది?" అనడిగాను.

"రెండో రౌండ్‌లో పోయాను. ఆ లెవెల్ వేరేరా. మన ఆర్మీ నుంచే శ్రీరామ్ బాలాజీ డేవిస్ కప్ ఆడాడు, పారిస్ ఒలింపిక్స్‌లో బోపన్నతో కలిసి ఆడాడు. మనం గేదెలతో ఆడినోళ్లం" అన్నాడు.

రెండు సరిహద్దు రాళ్లకి తాడు కట్టాం. అదే నెట్టు. నా రాకెట్ గ్రిప్ విప్పితే లోపల ఇంకా బురద మరక ఉంది. 2024 సెప్టెంబరు ఒకటిన సింగ్‌నగర్‌లో మా ఇంట్లోకి బుడమేరు వచ్చినప్పుడు మంచం కింద నానిన రాకెట్ అది. ఈ మైలవరం కొండల్లో పుట్టి కొల్లేటికి పోయే ఏరే అది. మామూలు రోజుల్లో దాన్ని చూసి ఏరని కూడా అనుకోం. అమ్మానాన్న మేడ మీద నాలుగు రోజులున్నారు. నేను హైదరాబాద్‌లో టీవీ ముందు. గండ్లు పూడ్చడానికి ఆర్మీ ఇంజనీర్లు వచ్చారు. ఇనుప బుట్టల్లో రాళ్లు నింపి, నడుము లోతు నీళ్లలో నిలబడి పేరుస్తున్నారు. వాళ్లలో వాడు లేడు, వాడి పోస్టింగ్ ఎక్కడో కొండల్లో. కానీ ఆ రాత్రి మొదటి ఫోన్ వాడిదే. "అమ్మ మందులు పైకి తీసుకెళ్లారా?" అని. ఆ మాట నాకే తట్టలేదు. అమ్మకి షుగరు. ఇన్సులిన్ కింద ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

వాడు తాడు బిగిస్తుంటే చెప్పేశాను. "మామా, అప్పుడు నాకు జ్వరం లేదు. ఆఫర్ లెటర్ వచ్చింది. జాయినింగ్ కూడా అదే వారం. రెండూ వదులుకునే ధైర్యం లేక..."

వాడు తాడు ముడి చూస్తూనే, "తెలుసు" అన్నాడు.

"ఎలా?"

"నువ్వు జ్వరమన్న రోజు సాయంత్రం నువ్వు ఇక్కడ ఆడుతున్నావని మన సివిల్‌గాడు చెప్పాడు. స్టేషన్‌కి ఫోన్ చేసి మరీ."

ఏడేళ్లు! ఏడేళ్లుగా తెలిసి ఒక్క మాట అనలేదు. సారీ చెప్దామంటే గొంతు పెగల్లేదు. కాసేపటికి వాడే అన్నాడు. "రైల్లో ఒక్కణ్నే వెళ్తుంటే చాలా కోపం వచ్చింది. సెలెక్టయ్యాక పోయింది. నువ్వు వచ్చుంటే, నువ్వు సెలెక్టయి నేను పోయుంటే? అప్పుడు ఏడేళ్లు కాదు, జన్మంతా ఉండేది కోపం."

అది నిజంగా అన్నాడో, నన్ను తేలిక చేయడానికి అన్నాడో నాకిప్పటికీ తెలీదు. కొరియా వాళ్లకి ఒక్క మ్యాచ్‌లో తేలిపోయింది, స్కోరుబోర్డు మీద, అందరి ముందూ. నాది ఎవరికీ తెలియకుండా సున్నం గీతల మధ్య తేలింది అనుకున్నాను. తెలియకుండా ఏం కాదని ఇప్పుడు తెలిసింది.

ఒక సెట్ ఆడాం. గ్రావెల్ మీద బంతి గడ్డి మీద కంటే బుద్ధిగా లేచింది. 5-4 దగ్గర వాచ్‌మన్ వచ్చి, "సార్, ప్లాటు చూడ్డానికొచ్చారా, ఆడుకోడానికొచ్చారా?" అనడిగాడు. వాడు వెంటనే "14 నెంబరు ఎంత చెప్తున్నారు?" అన్నాడు. రేటు విన్నాక ఇద్దరం రెండు నిమిషాలు మాట్లాడలేదు. వాచ్‌మన్ పోయి వేపచెట్టు కింద కూర్చుని, పడినప్పుడల్లా బంతులు అందించడం మొదలుపెట్టాడు.

"కానీయ్," అన్నాడు వాడు బంతి నా వైపు విసిరి. "సర్వీస్ నీదే."