చప్పుడు చెయ్యని కోటు

బట్టకి రంగుంటుంది, నేత ఉంటుంది, ధర ఉంటుంది. ఇవికాక గొంతు కూడా ఉంటుందని మనకి తెలిసినంత బాగా మగవాళ్ళకి తెలియదు. పేరంటంలో కూర్చుని, గుమ్మం వైపు తల తిప్పకుండానే "కొత్త పట్టుచీర వస్తోంది" అని చెప్పగలం. గంజి పెట్టిన నేతచీర నడక వేరు, నాలుగు ఉతుకులు పడ్డ వాయిల్ చీర నడక వేరు. పట్టుకి ఆ గరగర పుట్టుకతో వచ్చింది కాదు, పలచని ఆమ్లంలో ముంచి తీస్తే వచ్చేది. అయినా ఆ గరగరకి మురిసిపోయి డబ్బు ఎంచి ఇచ్చి వస్తాం. చప్పుడు లేని బట్ట ఇమ్మని దుకాణంలో ఎవరైనా అడగ్గా విన్నారా? కిందటి కార్తీకంలో నేను అడిగాను. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర మూడు దుకాణాల్లో అడిగాను. మూడోచోట కుర్రవాడు కౌంటరు వెనక్కి తిరిగి నవ్వుకున్నాడు.

ఇదంతా మా అక్క కూతురి కోసం. పిల్ల అడవి శాఖలో బీట్ ఆఫీసరు. కవ్వాల అడవిలో ఉద్యోగం. ఒకప్పుడు అదంతా ఆదిలాబాద్ జిల్లా అనే ఒక్క మాటలో ఇమిడిపోయేది. 2016లో నాలుగు జిల్లాలయ్యాయి గానీ, చలి మాత్రం జిల్లాల లెక్క చూసుకోకుండా పాత పద్ధతిలోనే పడుతోంది. డిసెంబరు, జనవరి నెలల్లో సిర్పూర్, తిర్యాణి వైపు కొన్ని రాత్రులు అయిదు డిగ్రీల కిందికి దిగుతుంది. హైదరాబాదులో ఉండేవాళ్ళు ఆ అంకె పేపర్లో చదివి "అబ్బ!" అనుకుని కాఫీ తాగుతారు. మా పిల్ల ఆ వేళకి అడవిలో నడుస్తూ ఉంటుంది.

"చిన్నమ్మా, నువ్వు చీరెలు మంచిగ ఏరుతవు కద, నాకొక కోటు చూడరాదు" అంది ఫోనులో. "వెచ్చగుండాలె. తడవొద్దు. అన్నిటికంటె ముఖ్యం, చప్పుడు చెయ్యొద్దు. ఇప్పుడున్నది నేను చెయ్యి కదిపితే చాలు, అడవంత ఇంటది."

కోటుకి చప్పుడేమిటని నేనూ అనుకున్నాను. పిల్ల విడమరిచి చెప్పింది. 2006 నుంచి నాలుగేళ్ళకోసారి దేశమంతా పులుల లెక్క తీస్తున్నారు కదా. అందులో పులి ఒక్కదాన్నే లెక్కపెడితే సరిపోదు, పులి తినే దుప్పుల్నీ కణుతుల్నీ కూడా లెక్కపెట్టాలి. తెల్లవారుజామున అడవిలో రెండు కిలోమీటర్ల గీత ఒకటి గీసుకుని, దాని వెంట నిమ్మళంగా నడుస్తూ, కనబడ్డ జంతువునల్లా రాసుకోవాలి. కోటు గరగరలాడితే మనం చూడకముందే దుప్పులు పారిపోతాయి. కాగితం మీద సున్నా పడుతుంది. ఉన్నవాటిని లేవని రాసినట్టే కదా!

"మరి కాళ్ళకింద టేకు ఆకులు చప్పుడు చెయ్యవా?" అన్నాను, పెద్ద తెలివైనదానిలాగా.

"ఆకుల చప్పుడు దుప్పి నడిచినా వస్తది, పంది నడిచినా వస్తది. అది అడవికి ఎరికైన చప్పుడే. నైలాను చప్పుడు ఏ జంతువు చేస్తది చిన్నమ్మా?"

నాకిక మాట లేదు.

ఇంకో తమాషా. ఇటువంటి కోట్లని వేటకోట్లు అనే పేరుతోనే అమ్ముతున్నారు. మన దేశంలో 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. వేట నేరమయింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటకి పేరుమోసినవాడు. ఇప్పుడు అదే నేలమీద, తీగ ఉచ్చులూ కరెంటు తీగలూ పెట్టేవాళ్ళని పట్టుకోడానికి తిరిగే పిల్లకి వేటకోటు కావలసి వచ్చింది. కవ్వాల 1965లో అభయారణ్యమై, 2012లో పులుల అడవి అయింది. పొరుగున తాడోబా నుంచి పులులు నదులు దాటి ఇటు వస్తూనే ఉన్నాయి.

సరే, కోటు సంగతి. తడవకుండా ఉండడానికీ, చప్పుడు చెయ్యకుండా ఉండడానికీ పుట్టు వైరం. నీళ్ళు ఆపాలంటే నున్నటి నైలాను గుడ్డకి ప్లాస్టిక్ పూత పూస్తారు. ఆ పూతే బిరుసెక్కి చప్పుడు చేస్తుంది. మెత్తగా నూగుగా ఉండే ఉన్ని రకాలు నోరెత్తవు గానీ, నీళ్ళని మాత్రం చుట్టాన్ని పిలిచినట్టు లోపలికి పిలుస్తాయి. ఈ రెంటినీ కలిపి, పైన నూగుగుడ్డ, లోపల అస్తరు, మధ్య కంటికి కనిపించనంత పలచని పొర పెట్టి కుట్టినవి వచ్చాయి. ఆ పొరలోని రంధ్రాలు నీటిబొట్టు దూరలేనంత సన్నం, చెమట ఆవిరి పోగలిగినంత పెద్ద. ధర వింటే మటుకు మనకి చెమట పడుతుంది.

ఆదిలాబాదులో చలికాలం వాన ఎక్కడిది, తడవడమేమిటి అంటారేమో. మంచు! నడుమెత్తు గడ్డిలోంచి నడిస్తే అరగంటలో తొడలదాకా, మోచేతులదాకా తడిసిపోతుందిట. రెండోది చెమట. గాలాడని కోటు వేసుకుని గుట్ట ఎక్కితే లోపల్నుంచే తడుస్తాం, పైకెక్కి కూర్చున్నాక ఆ తడే ఎముకలు కొరుకుతుంది. అందుకని చంకల కింద తెరుచుకునే జిప్పు ఉన్నది చూడాలి. కుట్లమీద లోపలివైపు పట్టీ అంటించారో లేదో తిరగేసి చూడాలి. సూది గుచ్చిన ప్రతిచోటా నీటికి దారే.

రెండు కోట్లు తెచ్చి ఇంట్లో పరీక్ష పెట్టాను. దుకాణంలో చెవిదగ్గర పెట్టుకుని చేతులు రుద్దితే రెండూ బుద్ధిమంతుల్లాగే ఉన్నాయి. కానీ దుకాణంలో ఉన్నది కరీంనగర్ మధ్యాహ్నం! చల్లబడితే పూత బిగుసుకుంటుందని చదివాను. మన ఫ్రిజ్ లోపల నాలుగైదు డిగ్రీలుంటుంది కదా, అంటే సుమారుగా ఆదిలాబాద్ జనవరి రాత్రే. పెరుగు గిన్నె జరిపి, కొత్తిమీర కట్ట కింది అరలోకి తోసి, రెండు కోట్లూ మడిచి పెట్టాను. మా ఆయన మంచినీళ్ళకోసం తలుపు తీసి, ఒక్క క్షణం నిలబడి, ఏమీ అడక్కుండా మూసేశారు. ఇరవై ఏళ్ళ కాపురం మరి.

గంట తర్వాత తీసి రుద్దితే, నున్నటి కోటు వేయించిన అప్పడంలా పలికింది. నూగుకోటు పలకలేదు. ఒక గ్లాసుడు నీళ్ళు భుజంమీద పోశాను, తామరాకు మీద బొట్టులాగా జారిపోయాయి. దానికీ లోపాలు లేకపోలేదు. నూగుకి ఉత్తరేణి ముళ్ళు అంటుకుంటాయి, కూర్చుని ఏరుకోవాలి. తలమీది ముసుగు చెవికి ఒరుసుకునేచోట మటుకు చప్పుడు చేస్తుంది. మనం చేసే చప్పుడుకన్నా అది ప్రమాదం. ముసుగు లోపల గరగరలాడుతుంటే బయట కొండముచ్చు అరిచిన అరుపు వినపడదు. పులి కదిలిందని అడవికి చెప్పేది ఆ అరుపే. ముసుగు తీసేసి ఉన్నిటోపీ పెట్టుకోమన్నాను.

కొలతల బాధ సరేసరి. ఈ కోట్లు కుట్టేవాళ్ళకి ఆడపిల్లలు అడవిలో ఉద్యోగం చేస్తారని ఇంకా పూర్తిగా అర్థమైనట్టు లేదు. భుజాలు సరిపోతే చేతులు మోకాళ్ళదాకా, చేతులు సరిపోతే నడుం దగ్గర బిగుతు. వదులు ఎక్కువైతే గుడ్డ గుడ్డకి రాసుకుని మళ్ళీ చప్పుడు.

ఈ హడావిడంతా చూసి, పాలు పోసే కొమురమ్మ వయసు ముసలామె, కురుమల ఆడబిడ్డ, "గొంగడుండంగ గివన్ని ఎందుకమ్మా" అంది. నిజమే సుమా అనిపించింది. దక్కనీ గొర్రె నల్లబొచ్చు ఆడవాళ్ళు వడికితే, పడుగుకి చింతగింజల గంజి పట్టించి మగ్గంమీద నేసేది గొంగడి. ఉన్ని తన బరువులో మూడోవంతు దాకా తేమ తాగి కూడా ఒంటికి తడి తెలియనివ్వదు, తడిసినా వెచ్చగానే ఉంటుంది. చప్పుడా, పిల్లి నడిచినంత. ఆల్ప్స్ కొండల్లో వేటగాళ్ళు వాడే లోడెన్ అనే ఉన్నిగుడ్డకి ప్రపంచమంతా పేరుంది. అది కూడా ఉన్నిని తడిపి, దట్టంగా బిగించినదే. మనది మాత్రం ఎక్కడ వేసిన గొంగడి అక్కడే. పైగా 2017లో మొదలైన గొర్రెల పంపకంలో పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చినవాటిలో చాలామటుకు బొచ్చులేని జాతులే. మాంసం పెరిగింది, మగ్గాలకి ఉన్ని కరువైంది.

అయితే ఏ మాటకామాటే చెప్పుకోవాలి. గొంగడి కప్పుకుని నడవడం కష్టం. చేతులు ఖాళీగా ఉండవు, పెద్దవాన పడితే గొర్రెంత బరువెక్కుతుంది. కొప్పెర వేసుకుని మంచెమీద కూర్చుని రాత్రంతా కాపలా కాయడానికి దాన్ని మించింది లేదు. నడకకి కోటు, కూర్చోడానికి గొంగడి అని తీర్మానించి రెండూ కొన్నాను.

ఇంతలో అక్క వచ్చింది. కోటు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నెమ్మదిగా అంది: "చప్పుడు చేసేదే కొనియ్యరాదే. పులికి ఇనబడితె అదే తొవ్వ మళ్ళుతది గద."

నేను కుర్చీలో అలాగే ఉండిపోయాను. అక్క అన్నదాంట్లో తప్పేముంది? అడవి పక్క ఊళ్ళవాళ్ళు గుంపుగా, గట్టిగా మాట్లాడుకుంటూ నడిచేది అందుకే. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు పులి వాత పడ్డారు. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తిచేనులో పని చేసుకుంటున్న అమ్మాయిని పులి చంపింది. ఆ తర్వాత కూలీలకి తలవెనక పెట్టుకునే ముఖం బొమ్మలు పంచారు, పులి వెనకనుంచే మీద పడుతుందని. అక్క ఆ వార్త కత్తిరించి దాచుకుంది. ఉద్యోగం మానెయ్యమని పిల్లతో ఎన్నిసార్లు అందో నాకు తెలుసు, ఇక అనడం మానేసిందనీ తెలుసు.

పిల్ల ఆ ఆదివారం వచ్చింది. కోటు వేసుకుని, చేతులూపి, వంగి, కూర్చుని చూసుకుంది. తల్లి మాట విని నవ్వలేదు.

"మేం ముగ్గురం నలుగురం కలిసే పోతం అమ్మా. తాజా అడుగు కనబడితే మేం గూడ గట్టిగనే మాట్లాడుతం, కట్టెతోని చెట్టుమీద కొడతం. చప్పుడు చెయ్యాల్నంటే నేను చేస్త. కోటు చెయ్యొద్దు."

అక్క ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి వంట చూసుకుంది.

మర్నాడు కోటుని మా వీధి దర్జీ దగ్గరికి తీసుకెళ్ళి, జేబుల మీది 'చర్రు'మని ఊడే అతుకుపట్టీలు తీయించి, కొమ్ము గుండీలు పెట్టించాను. జిప్పుకి వేలాడే లోహపు నాలిక తీసేసి తాడు కట్టించాను. ఉతకడం గురించి పిల్లకి చీటీ రాసిచ్చాను: తెల్లదనం తెచ్చే సబ్బుపొడి వద్దు, ఆ మెరుపు దుప్పి కళ్ళకి ఆనుతుందంటారు, మెత్తదనం తెచ్చే ద్రావకం వద్దు, నీళ్ళు జారే గుణం పోతుంది, పెట్టెలో కలరా ఉండలు అసలే వద్దు, కణితి ముక్కు మన ముక్కులాంటిది కాదు.

కోటు మడిచి సంచిలో పెడుతుంటే లోజేబులో ఏదో తగిలింది. తీసి చూస్తే ఈల. కబడ్డీ ఆటలో ఊదేలాంటిది, గట్టిది. దానికి తాడు కట్టి, తాడు కొసని జేబు లోపల రెండు వరసలు కుట్టి ఉంది. కుట్టు అక్కది, నాకు తెలుసు. నడిచేటప్పుడు లోపలి గింజ కదిలి చప్పుడు చెయ్యకుండా ఈల చుట్టూ దూదిపెట్టి, పాత వాయిల్ చీర ముక్కతో చిన్న గలీబు కూడా కుట్టింది.